తాబేలు చచ్చిపోయిందని పుస్తకం చెప్పాలి

పిల్లల కోసం రాసే జంతువుల పుస్తకాల్లో ఏదీ చావదు. పులి వేటకు బయల్దేరుతుంది, జింక తప్పించుకుంటుంది. గూట్లో గుడ్లన్నీ పొదుగుతాయి, పిల్లలన్నీ ఎగిరిపోతాయి. కథల పుస్తకమైతే పోనీలే అనుకుంటాను. సైన్సు పుస్తకమని అట్ట మీద వేసుకుని ఇలా చేస్తే మాత్రం ఒప్పుకోలేను.

మేముండేది చెన్నైలో, తిరువాన్మియూరు. ఏటా జనవరి నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఈ ఒడ్డుకే వస్తాయి. 2025 జనవరిలో చెన్నై తీరం పొడుగునా అవి వందల కొద్దీ చచ్చి కొట్టుకొచ్చాయి. పొద్దున నడకకి వెళ్తే మా పాప ఒకదాని దగ్గర ఆగిపోయింది. మెడ వాచిపోయి ఉంది, కళ్లు ఉబ్బి బయటికొచ్చాయి. డిప్ప మీద చిన్న గీత కూడా లేదు.

"అమ్మా, దెబ్బే తగల్లేదు కదా, మరెలా చచ్చిపోయింది?"

ఇంటికొచ్చి తాబేళ్ల పుస్తకం తీశాం. గుడ్లు వందకు పైనే పెడుతుందని ఉంది. ఇసుక వేడి ఎక్కువైతే ఆడపిల్లలు, తగ్గితే మగపిల్లలు పుడతాయనీ ఉంది. ఆఖరి పేజీలో పిల్లలన్నీ వెన్నెల్లో సముద్రంలోకి పోతుంటాయి. అక్కడితో సరి. మా అత్తయ్య "చిన్నపిల్ల దగ్గర ఆ చావు మాటలెందుకమ్మాయ్, ఇంకో పుస్తకం ఇవ్వు" అన్నారు. ఆవిడది ప్రేమే. కానీ పాప ఏడవడం లేదు, అడుగుతోంది.

కాగితం మీద బొమ్మ గీసి చెప్పాను. తాబేలు సముద్రంలో బతికినా మనలాగే ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది. మామూలుగా చాలాసేపు ఊపిరి బిగపట్టగలదు. ట్రాలర్ బోటు ఈడ్చుకెళ్లే వలలో పడితే పెనుగులాడుతుంది, దాంతో ఉన్న గాలి తొందరగా అయిపోతుంది. పైకి రాలేక ఉక్కిరిబిక్కిరై పోతుంది. అందుకే పైకి దెబ్బ కనిపించదు. వల మెడలో ఏటవాలుగా ఒక కమ్మీల చట్రం బిగిస్తే రొయ్యలు సందుల్లోంచి వెనక్కి జారిపోతాయి, తాబేలు కమ్మీలకి తగిలి పక్కనున్న కంతలోంచి బయటపడుతుంది. "అయితే అందరూ పెట్టుకోవచ్చుగా?" అంది. ఆ కంతలోంచి చేపలు కూడా పోతాయని, వల మీద బతికేవాళ్లకి ఆ భయం ఉంటుందని చెప్పాను. అది కూడా పుస్తకంలో ఉండాలంటాను. జాలర్లని రాక్షసుల్లా చూపించే పుస్తకం నాకొద్దు.

సాలిం అలీ చిన్నతనంలో ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకని కొట్టాడు. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. అదేం పిట్టో తెలియక బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పట్టుకెళ్లాడు. అక్కడి మిల్లార్డ్ అనే పెద్దాయన పిల్లాడని కసిరి పంపకుండా, సొరుగులు లాగి గడ్డి కూరిన పక్షులన్నీ ఒక్కొక్కటీ చూపించాడు. మన దేశంలో పక్షుల చదువుకి పెద్ద దిక్కయిన మనిషి ప్రయాణం చచ్చిన పిట్టతో, ఒక ప్రశ్నతో మొదలైంది. మిల్లార్డ్ చేసిన పని మన పుస్తకాలు ఎందుకు చేయకూడదు?

మంచి ప్రయత్నాలు లేవని కాదు. మన చెన్నైలోనే ఉండి పిల్లల పుస్తకాలు వేసే తూలికా వాళ్లు తెలుగులోనూ వేస్తారు. బెంగళూరు ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో 2015 నుంచి తెలుగు పుస్తకాలు డబ్బు కట్టకుండానే చదువుకోవచ్చు, మేం చాలా చదివాం. ఇక్కడి విద్యార్థుల బృందం ఒకటి 1988 నుంచి తాబేళ్ల కాలంలో రాత్రిళ్లు నీలాంకరై వైపు నుంచి బీసెంట్ నగర్ దాకా ఒడ్డెంట నడిచి, గుడ్లు ఏరి, కాపలా ఉన్న చోట ఇసుకలో మళ్లీ పూడుస్తుంది. పిల్లలు బయటికొచ్చాక వీధి దీపాల వైపు పాకిపోకుండా చూసి సముద్రంలో వదులుతుంది. ఇంత పనీ చేస్తే, వెయ్యింటిలో ఒకటి పెద్దదవుతుందని అంచనా. ఆ అంకె పిల్లలకి దాచకుండా చెబితేనే వీళ్లు నిద్ర మానుకుని ఎందుకు నడుస్తున్నారో వాళ్లకి అర్థమవుతుంది.

ఇప్పుడు పుస్తకం కొనేముందు ఆఖరి పేజీలే ముందు చూస్తున్నాను. సముద్ర తాబేళ్ల గురించి వలతో సహా చెప్పే తెలుగు పుస్తకం, ఎనిమిదేళ్ల పిల్ల తనంతట తాను చదువుకోగలిగేది, మీ కంట పడితే పేరు చెప్పండి. మా అపార్ట్‌మెంట్‌లో తెలుగు చదవడం వచ్చిన పిల్లలు ఇంకొందరున్నారు, వాళ్లకీ కొంటాను.