అద్దాలు పెట్టుకుంటేనే వినొస్తది

నవంబర్, రెండో వారం

అమ్మకు టీవీ మాటలు సరిగ్గా వినపడటం లేదని దీపావళికి ఒక బ్లూటూత్ స్పీకర్ తెచ్చాను. హాలంతా దద్దరిల్లేలా మోగుతోంది. వారం తిరగకముందే అమ్మ "ఇది తీసెయ్ బిడ్డా, పాతదే నయముండె. సప్పుడైతే గట్టిగ వస్తుంది గని మాట సమజైతలేదు" అంది.

సప్పుడు పెరిగితే మాట తగ్గడం ఏమిటో నాకు అంతుపట్టలేదు. అప్పటికే హన్మకొండలో చెవుల డాక్టరుకు చూపించాం. వయసుతో వచ్చే లోపమే, మిషన్ పెట్టుకుంటే మంచిదన్నారు. చెవి కొలత ఇచ్చి వచ్చాం, మిషన్ ఇంకా రావాలి. ఈలోపు స్పీకర్ సంగతి తేల్చుకుందామని మొదలుపెట్టిన పని ఇది. ఇప్పుడు నా ఆదివారాలన్నీ దీనికే పోతున్నాయి.

అమ్మకు పాత అలవాటు ఒకటుంది. ఏదైనా చెప్పబోతే "ఆగు, అద్దాలు పెట్టుకోనియ్, వినొస్తలేదు" అంటుంది. ఇన్నేళ్లూ దాన్ని ఊతపదం అనుకున్నాం. ఆ రోజు సీరియల్ చూస్తుండగా పక్క నుంచి గమనిస్తే, అమ్మ చూపు పాత్రల చీరల మీదా లేదు, కళ్ల మీదా లేదు. పెదాల మీదే ఉంది. హిందీ నుంచి డబ్బింగ్ చేసిన సీరియల్ ఎందుకు చూడదో కూడా అప్పుడే తెలిసింది. అక్కడ పెదాలు ఒకటి చెబుతాయి, మాట ఇంకోటి చెబుతుంది.

1954లోనే అమెరికాలో సంబీ, పొలాక్ అనే ఇద్దరు ఈ సంగతిని లెక్కగట్టి చూపించారు. చుట్టూ రొద పెరిగేకొద్దీ, మాట్లాడేవాళ్ల ముఖం కనపడటం వల్ల వచ్చే లాభం కూడా పెరుగుతుంది. అమ్మ చెవికి ఇప్పుడు ఇల్లే రొద.

బ్లూటూత్ స్పీకర్‌లో మాట పెదాలకన్నా వెనక వస్తోందేమోనని అనుమానం వచ్చింది. ఆ ఆలస్యాన్ని ఇలా కొలిచాను. నేను ఒకసారి చప్పట్లు కొడుతూ వీడియో తీసుకుని పెన్‌డ్రైవ్‌లో టీవీకి పెట్టాను. టీవీ తెరనీ స్పీకర్ శబ్దాన్నీ కలిపి ఇంకో ఫోన్‌తో సెకనుకు 60 ఫ్రేముల చొప్పున రికార్డు చేశాను. ఆ వీడియోని ఎడిటింగ్ యాప్‌లో తెరిచి, చేతులు కలిసిన ఫ్రేము నుంచి శబ్దం గీత పైకి లేచిన ఫ్రేము దాకా లెక్కపెట్టాను. 15 ఫ్రేములు, అంటే పావు సెకను. అదే స్పీకర్‌ను ఆక్స్ వైరుతో కలిపితే 2 ఫ్రేములు. ఒక్కసారితో నమ్మకండి, ఐదుసార్లు కొలవండి. మొదటిసారి మూల వీడియోలోనే తేడా ఉంటే లెక్కంతా తప్పుతుంది కాబట్టి ముందు దాన్ని చూసుకోవాలి. మా టీవీ సెట్టింగుల్లో ఆడియో డిలే అని ఒకటుంది గానీ, అది మాటను ఇంకా వెనక్కి జరుపుతుందే తప్ప ముందుకు తేలేదు. బ్లూటూత్‌కు అది పనికిరాదు.

వైరు పెట్టిన సాయంత్రం అమ్మ ఏమీ అనలేదు. సీరియల్ అయ్యేదాకా కూర్చుంది. అది చాలు నాకు.

డిసెంబర్, మొదటి ఆదివారం

పావు సెకను అంటే ఎంతో వేలు పెట్టి చూపించాలనిపించింది. తొమ్మిదో తరగతి చదివే మా అల్లుడిని తీసుకుని పొద్దున్నే వడ్డేపల్లి చెరువు కట్ట మీదికి వెళ్లాను. చేతిలో స్టీలు పళ్లెం, గరిటె, యాభై మీటర్ల టేపు. వాడు పళ్లెం కొడుతూ నిలబడాలి, నేను వెనక్కి నడుస్తూ చూడాలి.

గాలిలో శబ్దం వేగం సెకనుకు దాదాపు 345 మీటర్లు. 35 మీటర్ల దగ్గర శబ్దం పదో వంతు సెకను వెనక వస్తోంది. అయినా గరిటె తగలడం, మోగడం ఒకటే అనిపించింది. ఎంత పట్టిచూసినా విడదీయలేకపోయాను. 70 దగ్గర ఏదో తేడా కొడుతోంది. 100 దాటాక రెండూ విడిపోయాయి, గరిటె పైకి లేచాక ఖంగుమంటోంది. పావు సెకనుకు లెక్క వేస్తే 86 మీటర్లు. అంటే స్పీకర్ తెచ్చి నేను చేసింది ఏమిటంటే, అమ్మ సీరియల్‌ను తీసుకెళ్లి కట్ట మీద 86 మీటర్ల దూరాన పెట్టాను. ఈ లెక్క వేసుకున్నప్పుడు చాలా బాధనిపించింది.

మెదడు కంటినీ చెవినీ కలపడానికి కొంత వ్యవధి ఇస్తుంది. ఆ వ్యవధి రెండు వైపులా సమానం కాదు. టీవీ ప్రసారాల కోసం ఐటీయూ అనే అంతర్జాతీయ సంస్థ ఇచ్చిన సిఫార్సులో, మాట బొమ్మకన్నా 45 మిల్లీసెకన్లు ముందొస్తేనే జనం పసిగడతారని ఉంది. వెనక వస్తే మాత్రం 125 దాకా పట్టుకోలేరు. చాకిరేవులో బట్ట బండకు తగలడం ముందు కనపడుతుంది, చప్పుడు తర్వాత వస్తుంది. చప్పుడు ముందొచ్చి బట్ట తర్వాత పడటం ఎవరూ చూడలేదు కదా. మెదడు కూడా లోకం తీరును బట్టే ఓపిక నేర్చుకుందని నాకనిపిస్తుంది.

డిసెంబర్ చివర

వంటింట్లోంచి "అమ్మా, పాలు విరిగినయే" అన్నాను. హాల్లో ఉన్న అమ్మ "అయ్యో, కాలు విరిగిందా! ఎవలిది?" అని చేతిలో బియ్యం చాట కింద పెట్టి లేచి వచ్చింది. గడప దగ్గర గోడ పట్టుకుని నిలబడి నా కాళ్ల వైపు చూస్తోంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. గిన్నె చూపించాక గానీ కుదుటపడలేదు.

ఆ రాత్రి ఆలోచిస్తే అందులో విషయమంతా ఉందనిపించింది. వయసుతో వచ్చే లోపంలో ముందు పోయేవి సన్నటి, హెచ్చు పౌనఃపున్యపు శబ్దాలు. "ఆలు" అన్న అచ్చు భాగం గట్టిది, అది అమ్మకు చేరింది. మొదట్లో "ప"నో "క"నో తేల్చే చిన్న పేలుడు చేరలేదు. కానీ "ప"కు పెదాలు మూసుకోవాలి, "క"కు అక్కర్లేదు. నేను ఎదురుగా ఉండుంటే కన్ను ఆ సంగతి చెప్పేసేది. చెవి ఏది పోగొట్టుకుందో సరిగ్గా అదే కంటి దగ్గర ఉంది. ఇది తిరగేసి కూడా నిజమే. "పాలు", "మాలు" పెదాల మీద ఒక్కలాగే కనిపిస్తాయి, కన్ను విడదీయలేదు. "మ"లో ముక్కు మోత లోతైన శబ్దం కాబట్టి అమ్మ చెవి దాన్ని సులువుగా పడుతుంది.

దీంతో ఒక పరీక్ష తయారుచేశాను. ఇరవై మాటల జాబితాలు మూడు రాసుకున్నాను: పాలు, కాలు, తాలు, పూలు, కూలి, బండి, గండి ఇలాంటివి. ఒకే జాబితా పదేపదే చదివితే మాటలు కంఠతా వచ్చేస్తాయి, అందుకే మూడు. రెండు మీటర్ల దూరం, మామూలు గొంతు. ఒకసారి ముఖానికి అట్ట అడ్డం పెట్టుకుని, ఒకసారి తీసి. అట్టను నోటికి ఆనించొద్దు, గొంతు మూగబోతుంది. ఒక జానెడు ముందు పట్టుకోవాలి. అట్టతో అమ్మ 9 సరిగ్గా చెప్పింది. అట్ట తీశాక 16. మర్నాడు వేరే జాబితాతో 10, 16. ఇది ఒక్క మనిషి లెక్క, మా ఇంటి లెక్క.

జనవరి, సంక్రాంతి సెలవులు

చుట్టాలంతా ఇంట్లో ఉన్నారు కాబట్టి మెగర్క్ వీడియో చేశాను. 1976లో మెగర్క్, మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు బయటపెట్టిన సంగతి ఇది. శబ్దం "బ", కనిపించే పెదాలు "గ" అయితే చాలామందికి "ద" లాంటిది వినిపిస్తుంది. "బ"కు పెదాలు మూసుకోవాలి, తెర మీద మూసుకోవడం లేదు. "గ" అందామంటే చెవి ఒప్పుకోదు. రెంటికీ సర్దుకునేది మధ్యలో ఉంది, మెదడు దాన్ని ఎంచుకుంటుంది.

మా చెల్లెను కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టి "బ బ బ", "గ గ గ" తీశాను. ఆమె వెనక కిటికీ ఉంటే ముఖం నల్లగా పడుతుంది, మొదటి టేక్ అలాగే పాడైంది. ఎడిటింగ్‌లో "గ" వీడియోలో గొంతు తీసేసి, దాని అక్షరం మొదలైన చోటే "బ" గీత మొదలయ్యేలా జరిపాను. రెండు మూడు ఫ్రేములు అటూ ఇటూ అయినా ఫర్వాలేదు, ఎక్కువైతే మాయ పోతుంది. చూపించేటప్పుడు వైరు ఇయర్‌ఫోన్సే వాడాలి. జవాబు పైకి చెప్పనీయకూడదు, ఒకరు "ద" అంటే పక్కవాళ్లకూ అదే వినిపిస్తుంది. కాగితం మీద రాయించాను. పది మందిలో ఆరుగురు "ద" అనో "డ" అనో రాశారు, ముగ్గురు "బ". అమ్మ "గ" అంది. ఆమె పూర్తిగా పెదాల మాటే విన్నది.

అందరికీ బాగా నచ్చింది కళ్లు మూసుకుంటే "బ", తెరిస్తే "ద" అవడం. మా బాబాయి ఎన్నిసార్లు తెరిచి మూశాడో లెక్కలేదు. అసలు సంగతి చెప్పాక కూడా మాయ పోదు. తెలిసిన విషయం వేరు, వినపడే విషయం వేరు.

ఫిబ్రవరి

ఎప్పుడూ కన్నే చెవిని లాగుతుందా అంటే కాదు. 2000లో షామ్స్, కమిటాని, షిమోజో చూపించిన ప్రయోగంలో ఒక్క మెరుపు మెరిసేటప్పుడు రెండు బీప్‌లు వినిపిస్తే, మెరుపు కూడా రెండుసార్లు మెరిసినట్టు కనిపిస్తుంది. వేళ సంగతుల్లో చెవి గట్టిది, అక్కడ దాని మాట నెగ్గుతుంది. ఎవరి దగ్గర నమ్మకమైన కబురుంటే వాళ్ల వైపు మెదడు మొగ్గుతుందన్నమాట.

అదే ప్రయోగం ఇంట్లో చేద్దామని, వరంగల్ చౌరస్తా దగ్గర ఒక ఆర్డునో నానో (ప్రోగ్రాం ఎక్కించే చిన్న బోర్డు), ఒక తెల్ల ఎల్ఈడీ, 220 ఓమ్ రెసిస్టర్, బజర్ కొని చెప్పుల డబ్బాలో బిగించాను. ఫోన్ తెర ఎందుకు వద్దన్నానంటే, అందులో ఒక ఫ్రేమే 16 మిల్లీసెకన్లు పైన పడుతుంది, శబ్దం ఎప్పుడొస్తుందో మన చేతిలో ఉండదు. బజర్ కరెంటివ్వగానే సొంతంగా మోగే రకం కొనొద్దు, ప్రోగ్రాంతో మోగించే రకం తీసుకోండి. మెరుపు 20 మిల్లీసెకన్లు, బీప్‌లు ఒక్కోటి 10, మధ్యలో 50 ఎడం. చూపు డబ్బా మీద అంటించిన స్టిక్కర్ మీద ఉండాలి, ఎల్ఈడీ దానికి బెత్తెడు కింద. సూటిగా ఎల్ఈడీనే చూస్తే మాయ బలహీనపడుతుంది. నేను మొదట రెండు రోజులు సూటిగానే చూసి, పనిచేయట్లేదని వైర్లన్నీ పీకేశాను. రెండు బీప్‌లవి, ఒక బీప్‌వి, నిజంగా రెండు మెరుపులవి కలిపి వరసలేకుండా ఇవ్వాలి.

ఒక మెరుపు, రెండు బీప్‌ల సందర్భాలు ఇరవై ఇస్తే అల్లుడు 13 సార్లు రెండు మెరుపులన్నాడు. ప్రోగ్రాం రాసిన నాకే 9 సార్లు రెండు కనిపించాయి. అమ్మకు బీప్ వినపడనే లేదు. 2000 హెర్ట్జ్ నుంచి 500కు దించాక వినపడింది, "రెండు మెరిసినయి" అంది.

మార్చి మొదట్లో

పిల్లుల మెదడు మీద స్టైన్, మెరెడిత్ చేసిన పని గురించి చదువుతున్నాను. నడిమెదడులో సుపీరియర్ కొలిక్యులస్ అనే భాగంలో కంటి కబురూ చెవి కబురూ ఒకే కణానికి చేరుతాయి. రెండూ ఒకే చోటు నుంచి, ఒకే వేళకు వస్తే ఆ కణం ఒక్కోదానికి విడిగా ఇచ్చే స్పందనకన్నా ఎంతో గట్టిగా స్పందిస్తుంది. విడివిడిగా రెండూ బలహీనంగా ఉన్నప్పుడే ఈ కలయిక లాభం అన్నిటికన్నా ఎక్కువ. ఈ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

ఇంట్లో మార్చినవి: స్పీకర్‌కు వైరు, స్పీకర్‌ను టీవీ కిందికే జరపడం. అమ్మ కుర్చీని ట్యూబ్‌లైట్ కిందికి మార్చాను, ఆమె ఎదురుగా వచ్చి మాట్లాడేవాళ్ల ముఖం మీద వెలుగు పడేలా. వంటింట్లోంచి ఎవరూ కేక వేయకూడదు, గడప దాకా వచ్చి చెప్పాలి. అద్దాలకు మెడలో తాడు కట్టాం.

మిషన్ వచ్చింది. డాక్టరు మొదట రోజుకు రెండు గంటలు పెట్టుకోమన్నారు. వచ్చే ఆదివారం నాలుగో జాబితా: మిషన్‌తో, అట్ట పెట్టి ఒకసారి, తీసి ఒకసారి. "పాలు", "కాలు" రెండూ అందులో ఉన్నాయి.