ఒక గడిలో సున్నా, పక్క గడిలో 26 మిల్లీమీటర్లు

గుంటూరు శివారులోని ఒక లేఅవుట్‌కు నేను చేసిన డీజీపీఎస్ (ఉపగ్రహ సంకేతాలతో స్థానాన్ని కచ్చితంగా కొలిచే పద్ధతి) సర్వే నివేదికకు ఎట్టకేలకు నిన్న ఆమోదం లభించింది. పరికరం అద్దెకు తేవడం, హద్దురాళ్ల దగ్గర రీడింగులు తీయడం, రుసుము చెల్లించడం ఏ చిక్కూ లేకుండా జరిగిపోయాయి.

పరిశీలన దగ్గరే కథ అడ్డం తిరిగింది. ప్రతి రాయి దగ్గర పదేసి రీడింగులు తీసి, వాటి ప్రామాణిక విచలనం (రీడింగులు సగటుకు అటూ ఇటూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) సుమారు 4 మిల్లీమీటర్లని నివేదికలో చూపాను. అధికారి అవే అంకెలను తన పాత కంప్యూటర్‌లో మళ్లీ లెక్కకట్టిస్తే ఒక రాయికి సున్నా, పక్క రాయికి 26 మిల్లీమీటర్లు వచ్చాయి. "ఏమండీ, ఇవి పొలంలో తీసినవా, ఇంట్లో కూర్చుని రాసినవా?" అని స్థల యజమానుల ఎదుటే అడిగారు. అంకెల విషయంలో ఇంతవరకు నన్ను వేలెత్తి చూపినవారు లేరు. పది రీడింగులూ వేర్వేరుగా తెర మీద కనిపిస్తూనే ఉన్నా, వాటి విచలనం సున్నా ఎలా అవుతుందని ఆయన ఒక్క క్షణమైనా ఆలోచించలేదు.

ఆ యంత్రంలో ఉన్నది 2003కు ముందటి ఎక్సెల్. ఆ రోజుల్లో అందులో ప్రామాణిక విచలనాన్ని లెక్కకట్టే ఎస్‌టీడీఈవీ ఫంక్షన్, రీడింగుల వర్గాల (ఒక్కో సంఖ్యను దానితోనే గుణించగా వచ్చేవాటి) మొత్తం నుంచి, రీడింగుల మొత్తానికి వర్గం కట్టి రీడింగుల సంఖ్యతో భాగించగా వచ్చినదాన్ని తీసివేసే సూత్రంతో పనిచేసేది. మన ప్రాంతపు యూటీఎం నార్తింగ్ (భూమధ్యరేఖ నుంచి ఉత్తరంగా ఎంత దూరమో మీటర్లలో చెప్పే పటం అంకె) 18 లక్షల మీటర్ల పైమాట; దాని వర్గమే లక్షల కోట్లలో ఉంటుంది. కంప్యూటర్ నిలుపుకోగలిగేది దాదాపు 15 అంకెలే కాబట్టి, మిల్లీమీటర్ల తేడా అంతా ఆ తీసివేతలోనే కొట్టుకుపోయి, సున్నానో 26 లాంటి తప్పుడు అంకెనో మిగులుతుంది. 2003 వెర్షన్‌లో ముందుగా సగటు కనుక్కుని, ఆ తర్వాత సగటు నుంచి తేడాల వర్గాలను కూడే పద్ధతికి మార్చారు.

మరుసటిసారి వెళ్లినప్పుడు ఆ యంత్రంలోనే 100000001, 100000002, 100000003 అని కొట్టించాను. ఆ మూడింటి విచలనం 1 రావాలి, సున్నా వచ్చింది. తర్వాత నా రీడింగులన్నిటిలో నుంచి 1803000 తీసివేసి చూపిస్తే, అదే యంత్రం నా 4 మిల్లీమీటర్లను చూపింది. స్థిరసంఖ్యను తీసివేసినంత మాత్రాన విచలనం మారదు కనుక, ఇలాంటి పాత ఎక్సెల్‌లో అక్షాంశ రేఖాంశాలతో, నార్తింగులతో పనిచేసే ప్రతి సర్వేయరూ ముందుగా ఈ పని చేసుకోవాలి. ట్రెండ్‌లైన్ (అంకెల ధోరణిని చూపే గీత) గీసేటప్పుడు కూడా అంతే.

ఆయన సంతకం చేశారు గానీ, యజమానుల ముందు అన్న మాటను మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఆ పాత ఎక్సెల్‌ను మార్చమని లిఖితపూర్వకంగా అర్జీ ఇచ్చి, రసీదు తీసుకుని వచ్చాను.