సుత్తి దెబ్బతో పుట్టిన వెండి నాణెం: పేరు కన్నా ముందు తూకం

దున్నిన చేలోనో, కూలిన గోడ మట్టిలోనో పాత వెండి నాణెం దొరికినవారు నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: దీనికి ఎంత వస్తుంది? దానికి జవాబు చెప్పేలోపు తేల్చుకోవలసినవి చాలా ఉన్నాయి. అన్నిటికన్నా ముందు ఆ నాణేన్ని తోమకుండా ఉండాలి. వెండిపై శతాబ్దాలుగా ఏర్పడిన నల్లటి పొర మురికి కాదు. టూత్‌పేస్టుతోనో, వెండి పాలిష్‌తోనో రుద్దితే ఆ పొరతోపాటు అక్షరాల అంచులూ అరిగిపోతాయి. ఆ నష్టాన్ని అనుభవమున్న సేకరణదారు ఒక్క చూపులో పసిగడతాడు. మట్టి అంటుకొని ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి మెత్తని గుడ్డపై ఆరనిస్తే చాలు. వంగి ఉంటే వంగినట్లే ఉంచాలి, ఎందుకంటే భూమిలో ఎక్కువకాలం ఉన్న వెండి పెళుసుబారి, సరిచేయబోతే రెండుగా విరుగుతుంది.

యంత్రాలు రాకముందు నాణేన్ని చేతితోనే ముద్రించేవారు. దిమ్మెలో బిగించిన కింది అచ్చుపై వెండి బిళ్ళను పెట్టి, దానిపై రెండో అచ్చును చేత్తో పట్టుకొని సుత్తితో కొట్టేవారు. అందుకే ఇటువంటి నాణెం గుండ్రదనం సరిగా ఉండదు, ముద్ర ఒక పక్కకు జరుగుతుంది, దెబ్బ సరిగా పడనిచోట అక్షరాలు లేవవు, అచ్చు కదిలి రెండు దెబ్బలు పడితే ఒకే గీత రెండుగా కనిపిస్తుంది. ఇంగ్లండులో ఈ పద్ధతి 1662లో యంత్ర ముద్రణకు చోటిచ్చింది. భారతదేశంలోని సంస్థానాల్లో మాత్రం 19వ శతాబ్దంలోనూ కొనసాగింది. కాబట్టి సుత్తి దెబ్బ గుర్తులు కనబడినంత మాత్రాన నాణెం అతి ప్రాచీనమైనదని అనుకోకూడదు.

రాజు పేరు కోసం వెతకడం కన్నా ముందు తూకం వేయాలని నేను గట్టిగా చెబుతాను. గ్రాములో వందో వంతు చూపే చిన్న త్రాసు, మిల్లీమీటర్లు కొలిచే కాలిపర్ ఉంటే సగం పని అయినట్లే. షేర్‌షా ప్రవేశపెట్టిన రూపాయి 178 గ్రెయిన్లు (పాత బరువు కొలత), అంటే సుమారు 11.5 గ్రాములు, మొగలులు ఇంచుమించు అదే తూకాన్ని కొనసాగించారు. మధ్యయుగపు ఇంగ్లీషు పెన్నీ అయితే గ్రామున్నరకు లోపే ఉంటుంది. ఉండవలసినదానికన్నా తూకం బాగా తక్కువగా ఉంటే అంచులను పరీక్షించాలి, ఎందుకంటే వెండి కోసం అంచులు కత్తిరించి నాణేన్ని మళ్ళీ చెలామణిలో పెట్టడం ఆ రోజుల్లో సర్వసాధారణం. 1247లో ఇంగ్లీషు పెన్నీపై శిలువ చేతులను అంచు దాకా పొడిగించినది ఈ కత్తిరింపును అరికట్టడానికే.

ఇంగ్లండును ఏలిన మొదటి ఎలిజబెత్ రాణి కాలపు ఆరు పెన్నీల నాణెం దొరికిందనుకుందాం. సుమారు 3 గ్రాముల పలుచని బిళ్ళ. బొమ్మ వైపు రాణి తల వెనుక చిన్న గులాబీ ఉంటుంది. అది అలంకారం కాదు, పరిమాణంలో దగ్గరగా ఉండే నాణేలు తారుమారు కాకుండా పెట్టిన గుర్తు: ఆరు పెన్నీల, మూడు పెన్నీల నాణేలపై గులాబీ ఉంటుంది, నాలుగు పెన్నీల గ్రోట్‌పై ఉండదు. బొరుసు వైపు శిలువపై డాలు, డాలు పైన సంవత్సరం. ఈ సంవత్సరాలు 1561లో మొదలై 1602 వరకు సాగుతాయి. అంకెలు అరిగిపోయినా దారి మూసుకుపోదు. చుట్టూ ఉన్న లాటిన్ రాత మొదట్లో ఉండే టంకశాల (నాణేలు ముద్రించే చోటు) గుర్తు చూడాలి. అది బాణపు ములికి అయితే 1561–65 మధ్యది, చిన్న కిరీటమైతే 1567–70 మధ్యది. దీపాన్ని ఒక పక్క నుంచి ఏటవాలుగా పడనిస్తూ నాణేన్ని మెల్లగా తిప్పితే, నేరుగా చూసినప్పుడు కనబడని గీతలు నీడలతో తేలి కనిపిస్తాయి.

పేరును తూకం తర్వాతే నమ్మమనడానికి కారణం ఉంది. 1180 నుంచి 1247 వరకు ఇంగ్లండులో ముద్రించిన పొట్టి శిలువ పెన్నీలన్నిటిపైనా హెన్రీ అనే ఉంటుంది, మధ్యలో రిచర్డ్, జాన్ పాలించినా సరే. అలాగే మొగలు చక్రవర్తి షా ఆలం పేరుగల రూపాయిలను ఈస్టిండియా కంపెనీతో సహా అనేకులు ముద్రించారు; బెంగాల్ రూపాయిలపై ఆయన 19వ పాలనా సంవత్సరాన్నే ఏళ్ళ తరబడి మార్చకుండా ఉంచేశారు. పైగా మొగలు రూపాయిల్లో అచ్చు బిళ్ళకన్నా పెద్దది కావడంతో టంకశాల పేరు సగం బయటికి పోతుంది, మిగిలిన రెండు మూడు అక్షరాలతోనే ఊరిని పోల్చుకోవాలి. హిజ్రీ సంవత్సరం కనిపిస్తే దాన్ని 0.97తో గుణించి 622 కలిపితే క్రీస్తుశకం ఉజ్జాయింపుగా వస్తుంది: 1118 అయితే 1706, అంటే ఔరంగజేబు చివరి రోజులు.

ఇక అసలా నకిలీనా అన్నది. పోత పోసిన నకిలీపై సన్నని బుడగల గుంటలు, అంచు చుట్టూ అతుకు గీత, సబ్బు మీద చెక్కినట్లు మొద్దుబారిన అక్షరాలు కనిపిస్తాయి. స్వచ్ఛమైన వెండి సాంద్రత 10.49. నాణెం బరువును, దాన్ని నీటిలో వేలాడదీసినప్పుడు తగ్గిన బరువుతో భాగిస్తే వచ్చే అంకె 9 దగ్గర ఉంటే లోపల రాగి ఉందని అనుమానించాలి. మరీ చిన్న నాణేలకు ఈ పరీక్ష అంత కచ్చితంగా పనిచేయదు.

విలువ కట్టేటప్పుడు వెండి ధర కేవలం అడుగు మెట్టు. టంకశాల, సంవత్సరం, ఎన్ని మిగిలాయన్నది, కోరుకునేవారి సంఖ్య, ఇవే అసలు ధరను నిర్ణయిస్తాయి. వయసు ఒక్కటే ధర పెంచదు. ఏడు వందల ఏళ్ళ పెన్నీ కూడా విరివిగా దొరికే రకమైతే చవకగానే పోతుంది. అరుగుదలకూ దెబ్బ సరిగా పడకపోవడానికీ తేడా గమనించాలి, ఎందుకంటే ముఖం చదునుగా ఉన్నా పక్కనున్న అక్షరాలు పదునుగా ఉంటే ఆ నాణెం పెద్దగా వాడినది కాదు. రంధ్రం, టంకం అతికిన మచ్చ, గీతలు ధరను బాగా తగ్గిస్తాయి. అమ్మేవారు అడుగుతున్న ధరలను కాక, వేలం సంస్థల పాత రికార్డుల్లో అదే రకం, అదే స్థితిలోని నాణెం నిజంగా అమ్ముడుపోయిన ధరను చూడాలి.

అమ్మకం తలపెట్టేముందు అది మీ సొత్తు అవుతుందో లేదో కూడా తెలుసుకోవాలి. భారతదేశంలో 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. ఇంగ్లండులో 1996 చట్టం కింద ఒంటరి వెండి నాణెం సాధారణంగా నిక్షేపం కిందికి రాదు. ఒకే చోట 300 ఏళ్ళు దాటిన వెండి నాణేలు రెండు దొరికితే మాత్రం 14 రోజుల్లో కరోనరు అనే స్థానిక అధికారికి చెప్పాలి. ఏ దేశమైనా సరే, దొరికిన చోటును, లోతును, పక్కనున్న వస్తువులను ఆ రోజే రాసిపెట్టి, నాణేన్ని కదల్చకముందే ఫొటో తీసుకోవాలి.