తెలుగు మెసేజ్‌కి 70 అక్షరాలే: కంటి ఆస్పత్రిలో నా అనుభవం

బెంగళూరులో ఒక చిన్న కంటి ఆస్పత్రిలో నేను ఫ్రంట్ ఆఫీసు చూసుకుంటాను. హిందూపురం, మదనపల్లె, కుప్పం వైపు నుంచి మా దగ్గరికి చాలామంది వస్తారు. తెల్లవారుజామున బస్సెక్కి ఇంత దూరం వచ్చాక పాత చీటీ ఇంట్లోనే ఉండిపోయిందనో, తోడు ఎవరూ రాలేదనో తెలిస్తే ఆ రోజంతా వృథా. పరీక్షకు చుక్కలు వేస్తే కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది. అలాంటి మనిషిని ఒంటరిగా మెజెస్టిక్ బస్టాండుకు ఎలా పంపుతాం? అందుకే ముందురోజే కబురు వెళ్లాలి. పెద్దవాళ్లలో చాలామంది చేతిలో ఉండేది బటన్ల ఫోనే. వాట్సాప్ ఉండదు, ఎస్ఎంఎస్ ఒక్కటే దారి.

అది ఇంగ్లీషులో వెళ్లేది. "మా మనవడు ఇస్కూలు నుంచి వచ్చినాక చదివి చెప్తాడమ్మా" అన్నాడొక పెద్దాయన. అప్పుడు ఆయన చేతిలో తెలుగు పేపరు ఉంది, చక్కగా చదువుకుంటున్నాడు. ఆ మాట నన్ను వదల్లేదు. డాక్టర్ గారిని అడిగితే తెలుగులో పంపడానికి వెంటనే ఒప్పుకున్నారు.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనల వల్ల సంస్థ పేరు, హెడర్ (మెసేజ్ పైన కనిపించే పంపినవాళ్ల పేరు), మెసేజ్ నమూనా (టెంప్లేట్) అన్నీ టెలికాం కంపెనీల నమోదు వ్యవస్థ అయిన డీఎల్‌టీలో నమోదై ఉండాలి. మొదటి రెండూ మాకు ముందే ఉన్నాయి. తెలుగు టెంప్లేట్ కొత్తగా పెట్టాలి, దానికి యూనికోడ్ (తెలుగు లాంటి లిపులకు వాడే పద్ధతి) అని ఎంచుకోవాలి. ఇదంతా ఓపిక ఉంటే అయిపోయే పని.

టెన్షన్ పెట్టింది పొడవు. మా ఆఫీసులో మర్యాదగా, నిండుగా రాసిన మెసేజ్‌ని సాఫ్ట్‌వేర్ మూడు మెసేజ్‌లుగా లెక్కగట్టింది. మూడింతల ఖర్చు. మెసేజ్‌లు పంపే కంపెనీ అబ్బాయికి ఫోన్ చేస్తే, "మేడమ్, తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసేయండి, ఒక్కటిలో అయిపోతుంది" అన్నాడు. ఆ సలహా నాకు నచ్చలేదు. ఇంగ్లీషు అక్షరాలు రాని మనిషికి అది మళ్లీ మనవడి కోసం ఎదురుచూపే కదా!

అసలు లెక్క ఏమిటో కూర్చుని చూశాను. ఒక ఎస్ఎంఎస్‌లో పట్టేది 140 బైట్లు, అంటే బైటుకు 8 చొప్పున 1120 బిట్లు. ఇంగ్లీషు అక్షరానికి 7 బిట్లు చాలు, కాబట్టి 160 అక్షరాలు పడతాయి. తెలుగుకి ఒక్కోదానికి 16 బిట్లు కావాలి, కాబట్టి 70. మెసేజ్ 70 దాటితే ముక్కలవుతుంది. ఆ ముక్కలను ఫోన్ మళ్లీ వరసగా కలుపుకోవడానికి ప్రతి ముక్కలో 6 బైట్లు పోతాయి, ఇక మిగిలేది 67 చొప్పున. రెండు ముక్కలకు 134.

పైగా మనం ఒక అక్షరం అనుకునేది సాఫ్ట్‌వేర్ లెక్కలో ఒకటి కాదు. ‘ఆస్పత్రి’ మన కంటికి మూడే అక్షరాలు. సాఫ్ట్‌వేర్‌కి ఎనిమిది. గుణింతం గుర్తు ఒకటి, పొల్లు ఒకటి, సున్నా ఒకటి, అన్నీ విడివిడిగా లెక్కే. ‘ఫోన్‌లో’ అని టైప్ చేసినప్పుడు న-పొల్లుకీ లో-కీ మధ్య కనబడకుండా కూర్చునేదాన్ని కూడా వదలదు. ఇంగ్లీషు మెసేజ్‌లకూ ఈ గండం ఉంది. మా బిల్లు మెసేజ్‌లో ఉన్న ఒక్క రూపాయి గుర్తు వల్ల మొత్తం మెసేజ్ 160 నుంచి 70 లెక్కలోకి పడిపోయేది. గుర్తు తీసి ఇంగ్లీషులో Rs అని పెట్టించాను, ఖర్చు తగ్గింది.

ఆ తర్వాత కోత మొదలుపెట్టాను. ‘విచ్చేయవలసిందిగా కోరుచున్నాము’ అన్నదానికే 29 పోతున్నాయి. ‘రండి’కి నాలుగు. అలా కోసుకుంటూ పోతే 61కి దిగింది: "మీ కంటి పరీక్ష 14-06 ఉ.9కి. పాత చీటీ తేండి. వెంట ఒకరు రావాలి." దీని చివర ఆస్పత్రి పేరు చేరిస్తే 70 దాటిపోతుంది. పేరు తీసేస్తే ఎవరు పంపారో తెలియదు. పైగా ‘ఉ.9కి’ అంటే డెబ్బై ఏళ్లవాళ్లకు ఏం అర్థమవుతుంది? ఎలాగూ 70 దాటాక, 71 అయినా 134 అయినా ఖర్చు ఒకటే. అలాంటప్పుడు ఆ చోటంతా వాళ్లకే ఇద్దామనిపించింది. చివరికి ఇలా నిలిచింది:

"మీ కంటి పరీక్ష 14-06న ఉదయం 9 గంటలకు. చీటీలు, మందులు తెచ్చుకోండి. చుక్కలు వేస్తే చూపు మసకగా ఉంటుంది, వెంట ఒకరు రావాలి."

ఇది 117. ఆస్పత్రి పేరుకు చోటు మిగిలింది. తోడు ఎందుకు రావాలో కారణం కూడా చెప్పగలిగాం, నాకు ఆ వాక్యమే ముఖ్యం. ఊరికే రమ్మంటే ఎవరూ పని మానుకుని రారు. రెండు మెసేజ్‌ల ఖర్చుకు డాక్టర్ గారు సరేనన్నారు.

టెంప్లేట్‌కి ఆమోదం వచ్చాక మా సెక్యూరిటీ అన్న ఫోన్‌కి, ఆయాల ఫోన్లకి పంపి చూశాం. కొన్ని పాత ఫోన్లలో అక్షరాల బదులు డబ్బాలు కనిపించాయి. దానికి పొడవు తగ్గించినా లాభం లేదు. అందుకే కొత్త పేషెంట్ పేరు రాసుకునేటప్పుడే "మీ ఫోన్లో తెలుగు కనిపిస్తుందా తాతా?" అని అడిగి, అక్కడే ఒక మెసేజ్ పంపి చూస్తున్నాం. కనిపించనివాళ్ల పేరు పక్కన గుర్తు పెట్టుకుని సాయంత్రం ఫోన్ చేసి చెబుతున్నాం.

ఇప్పుడు నా పక్క సీటు అమ్మాయి కన్నడంలో రాస్తోంది. వాళ్లకూ అదే 70. ఆ టెంప్లేట్ ఆమోదం ఇంకా రావాలి.