వాగులో దొరికిన రాయి కొండ మీద ఎక్కడిది?

ట్రెక్ మొదలయ్యే చోట వాగు ఉంటే నేను ఓ పావుగంట అక్కడే ఆగిపోతా. పైన కొండలో ఏమేం రాళ్లున్నాయో వాటి ముక్కలన్నీ ఆ వాగు అప్పటికే కిందకి తెచ్చి పడేసుంటుంది కదా, ఏరుకుని చూడటమే మన పని. మొన్న వెళ్లినప్పుడు మూడు రాళ్లు గుర్తుపెట్టుకున్నా. గుడ్డులా నున్నగా ఉన్న తెల్ల పలుగురాయి ఒకటి, గ్రానైట్ ఒకటి, మూడోది గోధుమరంగు ఇసుకరాయి పలక, దాని మీద అలలు అలలుగా గీతలు, నీళ్ల ఒడ్డున తడి ఇసుకలో కనిపిస్తాయే అచ్చం అలాంటివి. ఇది ఎక్కడ్నుంచి ఊడిపడిందో చూడాల్సిందే అనుకుని ఎక్కడం మొదలుపెట్టా.

గ్రానైట్ తొందరగానే దొరికింది, దారి పక్కనే పెద్ద పెద్ద గుండ్లు. ముఖం ఆనించినంత దగ్గరగా చూస్తే ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం గులాబీ రంగు పలుకులు గోరంత ఉన్నాయి, మధ్యలో అభ్రకం తళతళలాడుతోంది. పలుకులు అంత పెద్దగా పెరిగాయంటే ఆ రాయి భూమి లోపల కిలోమీటర్ల లోతులో చాలా నిదానంగా చల్లారిందన్నమాట, అదే లావాలా బయటికొచ్చి గబుక్కున చల్లారితే పలుకులు సరిగ్గా కంటికి కూడా ఆనవు. అంటే నేను కూర్చుని నీళ్లు తాగిన బండ మీద ఒకప్పుడు కిలోమీటర్ల మందం రాయి ఉండేది, అదంతా అరిగి కొట్టుకుపోయింది! తెలిసిన విషయమే అయినా ప్రతిసారీ ఒళ్లు జలదరిస్తుంది. పలుగురాయి కూడా అక్కడే, గ్రానైట్ పగుళ్లలో వేడినీళ్లు పారి వదిలేసిన తెల్లటి చారల్లో.

ఇంకాస్త పైన అంతా విరిగిపడ్డ రాళ్లే. పగుళ్లలోకి దిగిన నీళ్లు రాత్రి గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి, ఏళ్ల తరబడి అలా తోసీ తోసీ బండల్నే చీల్చేస్తాయి. అక్కడ చూసుకుని అడుగెయ్యండి.

అలల రాయి మాత్రం ఎంతకీ దొరకలేదు, చివరి మలుపులో తలెత్తితే ఎదురుగా గోడలా నిలబడ్డ ఇసుకరాయి పొరలు, వాటి నిండా అవే అలలు! ఇలాంటి పొరలు మొదట అడ్డంగానే పరుచుకుంటాయని 1669లోనే డెన్మార్క్ శాస్త్రవేత్త స్టెనో రాశాడు, మరి ఇవి నిలువుగా ఉన్నాయంటే తర్వాత ఏదో లేపి నిలబెట్టినట్టే. ఎవరెస్ట్ శిఖరం సముద్రంలో ఏర్పడిన సున్నపురాయి అని చదివినప్పుడు నమ్మబుద్ధి కాలేదు, ఈ గోడ మీద చెయ్యి వేశాక నమ్మా.

ఒక్కో అల ఒకవైపు వాలుగా, ఇంకోవైపు నిటారుగా ఉంది. నీళ్లు పారేది ఆ నిటారు వైపుకే. వేలితో తడిమి తడిమి ఆ నీళ్లు ఎటు పారాయా అని చూశా. నేరుగా ఆకాశంలోకి.