మైలుతుత్తం పోసింది నేనే

ఊరికొచ్చి పన్నెండు దినాలైతుంది, కలిసినోళ్లంతా ఒకటే అడుగుతున్నరు, దుబాయ్‌ల ఏం పని చేస్తున్నవ్ రా అని. చేపలకు నీళ్లు మారుస్త అంటే నవ్వుతున్నరు. నవ్వరా మరి, మర్రిగూడ దిక్కు పుట్టినోడు, బోరు నీళ్లు తాగి పళ్లు గారపట్టినోడు, పోయి పోయి ఎవరింట్లనో చేపలకు శుద్ధమైన నీళ్లు చేసి పోస్తుండంటే నాకే నవ్వొస్తది. అల్ ఖూజ్‌ల మా రూంల జగిత్యాల, సిరిసిల్లోళ్లు ఐదుగురు, నల్గొండోన్ని నేనొక్కన్నే, వాళ్లు షట్టరింగ్‌కు, ఏసీ పనికి పోతరు, సాయంత్రం నా బట్టలు వాసన చూసి ఇయ్యాల ఏం కూర రా అని ఏడిపిస్తరు.

అక్కడ నల్లా నీళ్లంటేనే సముద్రం నీళ్లు. జబల్ అలీ కాడ ఉప్పు తీసి ఇండ్లకు పంపుతరు, ఆ నీళ్లను నేను మళ్ల ఆర్వోల పోసి నీళ్లల్ల ఎంత ఉప్పు కరిగిందో చెప్పే టీడీఎస్ మీటర్ సున్నా చూపించేదాంక వడగడత, వడగట్టినంక బస్తా కోసి అండ్లనే మళ్ల ఉప్పు కలుపుత, సముద్రం చేపలు గదా, లీటరుకు 35 గ్రాముల లెక్క. పక్కనే సముద్రం పెట్టుకొని ఇదేం పని, రెండు డ్రమ్ములు ముంచుకొస్తే అయిపాయె గదా అని మొదట్ల నేను గూడ అడిగిన. గల్ఫ్ సముద్రంల ఉప్పెక్కువ, లీటరుకు 40 గ్రాములు దాటుతది, దానికి తోడు ఒడ్డు నీళ్లల్ల పడవల డీజిలేందో, ఇంకేం కలిసిందో ఎవలు చూసొచ్చిండ్రు. ఎండకాలం అయితే మిద్దె మీది ట్యాంకు నీళ్లు చెయ్యి పెడితే కాలుతయ్, చేపలకేమో 25, 26 డిగ్రీలే ఉండాలె, అందుకే వాటికి చిల్లర్ ఉంటది, నీళ్లు చల్లబరిచే మిషన్. మా రూంల ఏసీ చెడిపోతే మూడు దినాలకు గూడ రారు గానీ చిల్లర్ ఆగితే గంటల బండి పంపుతరు, అది వేరే ముచ్చట.

ఇగ అసలు సంగతి. నేను మొదటి ఏడాది పనిచేసిన షాపుల ఉత్త చేపల ట్యాంకులే ఉండె. చేపల మీద ఉప్పు రవ్వల్లెక్క తెల్ల చుక్కలు లేస్తే రాగి మందు పోసేది, తగ్గేది, గంతే నాకు తెలిసింది. తర్వాత నన్ను విల్లాల డ్యూటీకి పంపిండ్రు. అక్కడ ఒకరింట్ల గోడంత ట్యాంకు, 600 లీటర్లు, అండ్ల చేపలతోని పాటు పగడాలు, ఎర్ర చారల రొయ్యలు, నత్తలు, రాళ్లల్ల ఎక్కడెక్కడివో పురుగులు. ఒకరోజు బ్లూ టాంగ్ చేప మీద చుక్కలు కనబడ్డయ్, మా మలయాళీ సూపర్వైజర్, చేట్టన్ అంటం, అంటే అన్న, ఫోన్ ఎత్తలే, అర్బాబ్, అంటే ఇంటి యజమాని, ఆయన పిల్లేమో పక్కన నిలబడి ఏడుస్తున్నది. బ్యాగుల ఆ రాగి మందు సీసా ఉండె. మూత తీయంగనే ఆ నీలం రంగు చూసి చెయ్యి ఒక్కసారి ఆగింది గూడ, ఇది మా మైలుతుత్తమే గదా, అది గూడ రాగిదే గదా అనుకున్న.

మా నాయిన బత్తాయి తోటల చెట్లకు బంక కారితే మైలుతుత్తం, సున్నం కలిపి మొదళ్లకు పూస్తడు. కలిపినంక కొడవలి ముంచి చూస్తడు, కొడవలికి ఎర్రగ రాగి పడితే సున్నం తక్కువైనట్టు, ఇంకింత సున్నం పోస్తడు, లేకుంటే ఆకు మాడుతది. నత్తలు గూడ ఆ మందు తగిలితే చస్తయ్ అని చిన్నప్పటి నుంచి ఎరికే నాకు. ఎరికై ఉండి, కొలిచి, లీటరుకు 0.2 మిల్లీగ్రాముల రాగి లెక్కన పోసిన. ఆ డోసు చేపకు మందు, రొయ్యకు విషం. గాంత సన్నపు లెక్క ఏం చేస్తది అని మాత్రం అననీకి లేదు నేను, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ దాటితే ఏమైతదో మా ఊర్ల వంకరబోయిన కాళ్లు చూసుకుంట పెరిగినోన్ని.

పొద్దుగాల ఫోనొచ్చింది. పోయి చూస్తే చేపలు మంచిగనే తిరుగుతున్నయ్, నీళ్లు అద్దంలెక్క ఉన్నయ్, రొయ్యలు రెండు తెల్లగై ఇసుక మీద పడి ఉన్నయ్, నత్తలు వెల్లకిల పడ్డయ్, పగడాలు ముడుచుకున్నయ్. అర్బాబ్ ఒక్క మాట అనలే, ఆయన అనకపోవుడే నాకు ఎక్కువ భయమైంది. ఆఫీసుల మాత్రం అన్నీ అన్నరు, ఒక నెల జీతం రెండు కిస్తీలల్ల కోసిండ్రు. ఇంటికి చెప్పలే.

మొదలు చేపలను వేరే ట్యాంకుల వేసి, సగం నీళ్లు తీసి సగం కొత్తవి పోసినం. సగం మారిస్తే విషం సగమైతది గానీ పోదు, 0.2 పోయి 0.1, మళ్ల మారిస్తే 0.05, ఎన్నిసార్లు మార్చినా సున్నా గాదు. ఒక్కో సారికి 300 లీటర్లు, పది కిలోల పైన ఉప్పు, రాత్రంత మోటరు పెట్టి కలపాలె. తర్వాత బొగ్గు సంచులు, రాగిని పట్టే తెల్ల ప్యాడ్లు పెట్టినం, ఆ ప్యాడ్ రెండు దినాలకు నీలంగైంది, అగో అదే మైలుతుత్తం మళ్ల నా మొఖం మీదికొచ్చింది. టీడీఎస్ మీటర్ ఈడ ఏం పనికి రాదు, అది మొత్తం ఉప్పు లెక్క చెప్తది గానీ అండ్ల విషం ఏదో చెప్పదు. రాగికి వేరే టెస్ట్ కిట్ ఉంటది, చుక్కలు వేసి రంగు చూడాలె. చూసినం, రంగు రాలే, సంబురపడ్డం. నాలుగు దినాలకు మళ్ల రంగొచ్చింది.

ఎందుకొచ్చిందో చేట్టన్ కంటే ముందు నాకే తట్టింది. ట్యాంకుల రాళ్లు, ఇసుక అంటే పగడాల పెంకులే, అంటే సున్నపు రాయే. నాయిన సున్నం కలిపేదే రాగిని పట్టనీకి గదా, ఈడ గూడ రాయే పట్టుకుంది, పట్టి మెల్లమెల్లగ ఇడుస్తుంది. చేట్టా, నీళ్లు ఎన్ని మార్చినా లాభం లేదు, రాళ్లు ఇసుక పారేయాలె అన్న. ఆ రాళ్ల ధర విన్నంక ఆయన కాసేపు కూసున్నడు. ఆఖరికి పారేసినం.

కొత్త రాళ్లు పెట్టినంక ఊకె చూసుడే పని. చేపల పెంట నుంచి అమ్మోనియా అయితది, దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్ చేస్తది, ఇంకో రకం నైట్రేట్ చేస్తది, ఆ బ్యాక్టీరియా కొత్త రాళ్లల్ల కుదురుకోనీకి నాలుగు నుంచి ఆరు వారాలు. మధ్యల గోధుమరంగు పాకుడు అద్దాలంత పట్టింది, మేడం మళ్ల పాడైందని మొత్తుకుంది, అది రావాల్నే వస్తది మేడం అని హిందీల చెప్పిన. రాగి రంగు రెండు వారాలు రాకపోయినంక ఒక్క నత్తను తెచ్చి ఇడిచినం, ఒక్కటే. మూడు దినాలు పనికి పోయే ముందు ఒకసారి, వచ్చేటప్పుడొకసారి పోయి చూసిన. పాకుడు నాక్కుంట అద్దం మీద బాటలు చేసింది. రొయ్యలు రెండు నేను సెలవుకు రాబోయే ముందు దినం వేసినం.

మొన్న రాత్రి తోట కాడ నాయినతోని మంచంల కూసున్న, విల్లా డ్రైవర్ వీడియో కాల్ చేసిండు, భాయ్ మళ్ల చచ్చింది రొయ్య, అర్బాబ్‌కు ఇంకా చెప్పలే అని వణుకుతుండు. చూపియ్ అన్న. ఇసుక మీద రొయ్య పడి ఉంది, మీసాలతోని సహా. నా కడుపుల చల్లగైంది. జర రాయి ఎనుక టార్చి కొట్టు అన్న, కొట్టిండు, లెక్కపెట్టు అన్న. ఒకటి, రెండు అన్నడు. మళ్ల లెక్కపెట్టి, రెండున్నయ్ మరి ఇదెవరిది అన్నడు. అది కుబుసం, రొయ్య పెరుగుతుంటే పాత పెంకు ఇడుస్తది అని చెప్పిన.

నాయిన పక్కకు తిరిగి, పామా అన్నడు. రొయ్య నాయినా అన్న.