బాక్సు నిండుగా తిరిగొస్తోంది

మా వాడికి ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత నిలవక, ఒకచోట కుదురుగా ఉండలేని సమస్య) మిథైల్‌ఫెనిడేట్ అనే మందు మొదలుపెట్టాక క్లాసులో కుదురుగా ఉంటున్నాడని టీచర్ సంతోషించారు. మాకు మాత్రం కొత్త టెన్షన్. మందు పనిచేసేంతసేపూ ఆకలి ఉండదు, లంచ్ బాక్సు మూతే తీయడు. అందుకే పొద్దున మాత్ర వేసే ముందే నెయ్యి దోసె, గుడ్డు కడుపునిండా పెట్టేస్తున్నాం. సాయంత్రం మందు ప్రభావం దిగిపోయే వేళ ఉంది చూశారూ... చిన్న మాటకే ఏడుపు, విసుర్లు. ఆ టైంలో హోంవర్క్ ఊసెత్తం. పడుకునే ముందు మాత్రం "అమ్మా, ఆకలి" అంటూ వస్తాడు. పెరుగన్నం రెడీ! బరువు, ఎత్తు, బీపీ డాక్టర్‌గారు ప్రతిసారీ చూస్తున్నారు. నిద్ర పట్టకపోతే రెండో డోసు ఇంకాస్త త్వరగా ఇద్దామన్నారు. "పిల్లాడికి మత్తుమందు ఇస్తున్నావా?" అనే చుట్టాలకు జవాబివ్వడం మానేశాను. ఈ నెల వాడి బరువు తగ్గలేదు.